చుక్క పడాల్సిన చోట

హిమి రేవులో పోయినవాళ్ల పేర్లన్నీ ఆఖరిసారి చియోనో చేతి మీదుగానే వెళ్లేవి. ఎవరింట్లో కీడు జరిగినా అంత్యక్రియల మందిరం వాళ్లు ముందు గుడికి, ఆ వెంటనే ఆమెకు కబురు పంపేవారు. మందిరం గుమ్మం దగ్గర నిలబెట్టే పలక కోసం ఆమె పొడవాటి కాగితం మీద నిలువుగా పేరు రాసి ఇచ్చేది. అన్నిటికన్నా పైన 'కీర్తిశేషులు' అని అర్థమిచ్చే ఒకే ఒక్క అక్షరం, దాని కింద ఇంటిపేరు, ఆ కింద మనిషి పేరు. దారినపోయేవాళ్లకు వీధి మొదట్లోనే కనిపించాలి కనుక సిరా చిక్కగా ఉండేది, వర్షాకాలపు సముద్రమంత నల్లగా.

ఆ తరువాత ఇరుగుపొరుగువాళ్లు డబ్బు పెట్టి ఇచ్చే తమ సంతాప కవర్లు పట్టుకొని వచ్చేవారు. వాటికి మాత్రం ఆమె రాతి మీద సిరాకడ్డీని ఒకటి రెండు చుట్లు తిప్పి ఆపేసేది. నీళ్లలో పొగ కలిసినట్టు బూడిదరంగు తేలేది. కబురు వినగానే పరుగెత్తుకొచ్చాం, సిరా అరగదీసే వ్యవధి లేకపోయింది, ఉన్న కాస్త సిరా కూడా కన్నీళ్లు పడి పలుచనైపోయింది అని ఆ రంగుకు అర్థం. సంతాపాన్ని చిక్కటి సిరాతో రాస్తే, ఆ చావు కోసం ముందే అరగదీసుకొని కూర్చున్నట్టు. ఈ సంగతి ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

చియోనో పుట్టింది సముద్రం కనపడని ఊళ్లో, వరిపొలాల మధ్య. గుడి పూజారి భార్య దగ్గర కుంచె పట్టడం నేర్చుకుంది. మోరియోను పెళ్లి చేసుకొని హిమికి వచ్చినప్పుడు ఆమె సామానులో బరువైనది సిరారాయి ఒక్కటే. మోరియో చేపల పడవ మీద పనిచేసేవాడు. ఉప్పుకు పగిలిన చేతులు, ఎప్పుడూ ఏదో ఒక వెటకారం. పెళ్లయిన కొత్తలో భార్య ఒకే అక్షరాన్ని సాయంత్రమంతా రాస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఇందాక రాసింది ఏమైంది, పారిపోయిందా?"

"కుదరలేదు."

"ఇదీ అలాగే ఉంది కదే."

"మీరు రోజూ వెళ్లేది ఆ సముద్రానికే కదా. నిన్న వెళ్లారు, ఇవాళ ఎందుకు మరి?"

ఆ జవాబు అతనికి నచ్చింది. ఆ రోజు నుంచి ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి పంతులమ్మా అనడం మొదలుపెట్టాడు.

పిల్లలు పుట్టలేదు. ముందుగదిలో ఊరి పిల్లలే చాపల మీద మోకాళ్లు ముడుచుకొని కూర్చునేవారు. ఆమె వాళ్లకు గట్టిగా చెప్పేది ఒక్కటే. ఒకసారి గీసిన గీత మీద మళ్లీ కుంచె పెట్టకూడదు. తడిగా ఉన్నప్పుడు ఎవరికీ తెలియదు, ఆరాక రెండు నలుపులు కనపడతాయి. ఈ మధ్య హైస్కూలు ఆడపిల్లలు కూడా వచ్చేవారు. వాళ్లు జిమ్ములో నేలంతా పరిచిన కాగితం మీద, పాటలు పెట్టుకొని, చీపురంత కుంచెలతో పరుగెత్తుతూ రాసేవారు. చియోనోకు అది అర్థమయ్యేది కాదు, అయినా ప్రతి ప్రదర్శనకూ వెళ్లి మొదటి వరుసలో కూర్చునేది. మోరియో ఒకసారి తోడు వెళ్లాడు.

"డెక్కు కడిగే పని వీళ్లకి అప్పజెప్తే సరిపోద్ది," అని చెవిలో అన్నాడు. కానీ ఆఖరి అక్షరానికి ఒక పిల్ల ఒంటినిండా సిరా చిమ్ముకొని ఏడుస్తూ నవ్వుతుంటే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టిందీ అతనే.

రాసి పక్కన పడేసిన కాగితాలను ఆ ఇంట్లో పారేసేవారు కాదు. ఆరాక దొంతర పెట్టి వంటింటి గట్టు పక్కన ఉంచేవారు. చేపలు చుట్టడానికి, పెరట్లో ముల్లంగి ఎవరికైనా ఇవ్వడానికి అవే. మోరియో అక్క త్సుయా రేవులో చేపలు ఎండబెట్టి అమ్మే మనిషి, నోరు పెద్దది. ఆ పొట్లాలు అందుకున్నప్పుడల్లా నవ్వేది.

"నిన్న నువ్విచ్చిన దాని మీద వసంతకాలపు వెన్నెల అని ఉందే. తీరా విప్పితే లోపల చేప తలకాయ."

"తలకాయ పులుసుకి బాగుంటుందని ఇచ్చాను వదినా."

"పులుసు బాగానే ఉంది. వెన్నెలే కాస్త నీచు కొట్టింది."

మోరియో ఊపిరితిత్తులు పాడయ్యాయని శరదృతువులో తెలిసింది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చియోనోను ఒక్కదాన్నే గదిలోకి పిలిచి, ఈ చలికాలం దాటడం కష్టమని మెల్లగా చెప్పాడు. మోరియో ఇంటికి పోతానన్నాడు. ఆసుపత్రి కిటికీలోంచి పార్కింగు తప్ప ఏమీ కనపడదని అతని ఫిర్యాదు. ముందుగదికి ఆనుకొని ఉన్న గదిలో పరుపు వేశారు. రెండు గదుల మధ్య కాగితపు తలుపు. పిల్లలు వచ్చినప్పుడు వాళ్ల గుసగుసలు, నవ్వులు, నీళ్ల గిన్నె ఒలికిన చప్పుడు తలుపు దాటి అతని దగ్గరికి వెళ్లేవి.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో చియోనో ఎవరిదో పలక రాయడానికి కూర్చుంది. పేరులో చివరి గీతను కుడివైపుకు లాగుతున్నప్పుడు కుంచె కొన వణికింది. గాలికి గడ్డిపరక కదిలినంతే. ఇంకెవరికీ కనపడేది కాదు. ఆమె ఆ కాగితాన్ని పక్కన పెట్టి ఇంకొకటి రాసి ఇచ్చేసింది. ఈ ఇంటికి కూడా ఆ రోజు వస్తుంది. ఆ రోజున గుమ్మం దగ్గర మోరియో పేరు ఉండాలి. అందరి పేర్లూ రాసిన చేయి అతని పేరు రాయకపోతే, ఇన్నేళ్లూ ఎవరి కోసం రాసినట్టు? రాస్తుంటే చేయి వణికిపోతే? దిద్దడానికి ఉండదు.

చేయి వణకకుండా ఉండాలంటే కుంచె పట్టినవాళ్లకు తెలిసిన దారి ఒక్కటే. మనసు లేకపోయినా చేయి తనంతట తాను వెళ్లేదాకా రాయడం.

అలా రాయాలని ఆమె నిర్ణయించుకోలేదు. ఒక మధ్యాహ్నం పిల్లలు వెళ్లిపోయాక సిరా మిగిలిపోయింది, రాతి మీద నల్లగా మెరుస్తూ. కాగితం పరిచి బరువు పెట్టింది. పైన 'కీర్తిశేషులు', కింద ఇంటిపేరు హమదే, ఆ కింద మోరియో. తలుపవతల అతను దగ్గుతున్నాడు. ఆమె రాసినదాన్ని చూసి, తల తిప్పుకొని, ఇంకో కాగితం తీసుకుంది. మరునాడు కూడా సిరా మిగిలింది. ఆ తరువాత మిగలడం కోసమే ఎక్కువ అరగదీసింది.

ఆ కాగితాలను విడిగా దాచి పొయ్యిలో వేసేది. ఒక రోజు రాస్తుండగా మధ్యలో మోరియో ఊపిరి అందక పిలిచాడు. ఆమె పరుగెత్తింది. మళ్లీ వచ్చేసరికి అలవాటుపడిన చేతులు ఆరిన కాగితాలన్నిటినీ కలిపి దొంతర చేసి వంటింటి గట్టు పక్కన పెట్టేశాయి. పెట్టినట్టు ఆమెకు గుర్తు కూడా లేదు. కాసేపటికి త్సుయా పులుసు గిన్నెతో వచ్చింది. తమ్ముడి పక్కన కూర్చొని రేవు కబుర్లు చెప్పి, వెళ్తుంటే చియోనో పెరట్లో పీకిన ముల్లంగి ఒకటి చుట్టి చేతిలో పెట్టింది.

ఇంకా పొద్దు ఉండగానే త్సుయా తిరిగి వచ్చింది. ముందు గుమ్మంలోంచి కాదు, పెరటి వైపు నుంచి. చేతిలో మడత పెట్టిన కాగితం.

"ఏంటిది?"

చియోనోకు కాగితం విప్పకముందే తెలిసిపోయింది.

"వదినా..."

"గొంతు తగ్గించు. వాడు వింటాడు." త్సుయా తన గొంతు తగ్గించానని అనుకుంటోంది. "ముల్లంగి తడికి సిరా నా చేతికి అంటుకుంది. చూడు. నా తమ్ముడి పేరు. దాని మీద ఆ అక్షరం. సబ్బు పెట్టి తోమినా పోలేదు."

"చేయి వణుకుతుందేమోనని భయమేసింది. రాసేది ఒక్కసారే కదా. సరిగ్గా రాయకపోతే..."

"వణకనీ. మొగుడు పోయిన రోజున కూడా వణక్కపోతే అదేం చెయ్యి? ఊళ్లోవాళ్ల కవర్లకి నీళ్ల సిరా కలిపిస్తావు. సొంత ఇంట్లో మాత్రం చిక్కగా అరగదీసి పెట్టుకున్నావన్నమాట."

చియోనో నేల చూసింది. పీకిన ముల్లంగి తాలూకు గుంత ఇంకా అలాగే ఉంది, అంచులు రాలుతూ.

"వాడు బతికున్నాడే," అంది త్సుయా. ఈసారి గొంతు నిజంగానే తగ్గింది. "నిన్న నాతో చెప్పాడు, వసంతంలో వలలకి వెళ్తానని. నువ్వేమో పక్క గదిలో కూర్చొని వాణ్ణి రోజుకి ఇన్నిసార్లు సాగనంపుతున్నావు."

"తప్పే వదినా."

"అన్నీ కాల్చెయ్. వాడికి ఈ ముక్క తెలియకూడదు. నవ్వుకుంటూ పోతే చాలు. ఆ రోజు నువ్వు కుంచె ముట్టుకోకు. ముట్టుకుంటే నేను ఆ గుమ్మం తొక్కను."

చియోనో సరేనంది. దొంతరంతా పెరట్లో డబ్బాలో వేసి కాల్చింది. సిరా పట్టిన కాగితం ఆగి ఆగి కాలుతుంది. అక్షరాల చోట కాసేపు మెరిసి, తరువాత అవి కూడా బూడిద అవుతాయి. ఆమె చివరిదాకా నిలబడింది. రాయలేకపోతానన్న దుఃఖం ముందు వచ్చింది. రాయడానికి సిద్ధపడ్డానన్న సిగ్గు తరువాత వచ్చింది. రెండూ కలిసిపోయాక ఏది ఏదో తెలియలేదు.

నాలుగైదు రోజులు గడిచాక, మంచువాన పడుతున్న మధ్యాహ్నం, జావ తాగించి మూతి తుడుస్తుంటే మోరియో అన్నాడు.

"ఆ గదిలో చప్పుడు లేదేంటి ఈ మధ్య?"

"పిల్లలకి సెలవులు కదా."

"పిల్లలది కాదు. నీది." అతను మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకున్నాడు. "రాసేటప్పుడు నువ్వు ఊపిరి బిగబడతావు. గీత అయ్యాక వదులుతావు. ఇక్కడికి వినపడుద్ది. పడుకొని చేసేదేముంది, వింటా ఉంటాను. నెలంతా ఒకే తీరుగా వదిలావు. రోజూ ఒకటే రాశావు."

"కొత్త సంవత్సరం ప్రదర్శన ఉంది."

"ఉంటే ఉంది. నా పేరు రాసి చూపించు."

"ఇప్పుడా?"

"ఊళ్లో అందరి పేర్లూ రాశావు. నాది ఏనాడన్నా రాశావా? పడవ మీద కూడా పెయింటరోడు రాశాడు. వంకర టింకరగా."

ఆమె కాదనలేకపోయింది. తలుపు పక్కకు జరిపి, అతనికి కనపడేలా చాప మీద కాగితం పరిచింది. సిరా అరగదీస్తుంటే అతను కళ్లు మూసుకొని ఆ చప్పుడు విన్నాడు, చాలా రోజుల తరువాత ఇంటికి వచ్చినవాడిలా. కుంచె ముంచింది. పేరు ఒక్కటే రాయాలి. బతికున్న మనిషి పేరు, దానికి పైన ఏమీ ఉండదు. మనసులో గట్టిగా అనుకొని చేయి ఎత్తింది.

చేయి కాగితం పైకొసకు వెళ్లింది. హమదే అన్న ఇంటిపేరు నీటిచుక్కతో మొదలవుతుంది. చుక్క పడాల్సిన చోట అడ్డగీత పడింది.

'కీర్తిశేషులు' అన్న ఆ అక్షరపు మొదటి గీత. నల్లగా, నిబ్బరంగా, ఎక్కడా తొణకకుండా.

ఆమె కుంచె పట్టుకొని అలాగే ఉండిపోయింది. మోరియో తల కొంచెం ఎత్తి చూశాడు.

"మనది చుక్కతో మొదలవుద్ది కదే," అన్నాడు నెమ్మదిగా. "నాకొచ్చిన చదువు అదొక్కటే."

"పొరపాటు పడింది. ఇంకో కాగితం..."

"ఉండు." అతను దగ్గాడు, ఆగాడు. "పూర్తి చెయ్యి."

"వద్దండీ."

"గీత మీద గీత పెట్టకూడదని పిల్లల్ని చంపుకు తింటావు. మధ్యలో ఆపెయ్యచ్చా మరి? అది చెప్పలేదే ఎవరికీ."

ఆమె రాసింది. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, చేయి మాత్రం వాటితో సంబంధం లేనట్టు తన దారిన తాను వెళ్లింది. ఆఖరి గీత కుడివైపుకు జారి, బరువై, సన్నబడి, కాగితం నుంచి లేచింది. ఆమె ఊపిరి వదిలింది. మోరియో కూడా వదిలాడు.

కాగితాన్ని గాలిలోకి ఎత్తి పట్టుకోమన్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇంత బాగుంటానా నేను."

ఆమె కాగితాన్ని ఇంకొంచెం వెలుతురు వైపు తిప్పింది.

"అన్ని పలకలు చూశాను. సొంతది చూసుకున్నవాడు ఈ రేవులో నేనొక్కణ్ణే అయ్యుంటాను." నవ్వబోతే దగ్గు వచ్చింది. తగ్గాక అన్నాడు, "ఆ రోజు ఇలాగే రాయి. ఇంకెవడి చేతిలోనూ పెట్టకు. అక్క గొడవ చేస్తే, నేను చూశాను, సరేనన్నానని చెప్పు."

"వదినకి తెలుసని మీకెవరు చెప్పారు?"

"చిన్నప్పట్నుంచీ అంతే. ఆవిడ గుసగుస పెడితే అవతలి ఒడ్డుకి వినపడుద్ది." కళ్లు మూసుకున్నాడు. "దీన్ని మాత్రం పొయ్యిలో వెయ్యి పంతులమ్మా. ముల్లంగి చుట్టకు."

చలికాలం మధ్యలో, చేపలు ఒడ్డుకు వస్తున్నాయని చెప్పే ఉరుములు సముద్రం మీద మొదలైన ఉదయం మోరియో పోయాడు. ఉరుము విని, ఇవాళ పడవలు నిండుతాయి అన్నాడు. చియోనో నీళ్లు తేవడానికి వెళ్లి వచ్చింది. అంతే.

మందిరం మనిషి నిషిగుచి మధ్యాహ్నానికి వచ్చాడు. మోరియో ముఖం మీద తెల్లగుడ్డ. త్సుయా తమ్ముడి తల దగ్గర కూర్చొని, దుప్పటి అంచు సర్దుతూ, మళ్లీ సర్దుతూ ఉంది. ఎప్పుడూ ఊరంతా వినపడే గొంతు ఆవేళ పక్కన కూర్చున్నవాళ్లకే అందేంత చిన్నదైపోయింది.

"మొన్న నాతో ఏమన్నాడో తెలుసా? వసంతంలో కొత్త బూట్లు కొనుక్కుంటాడట. లేస్తాననే అనుకున్నాడు చివరిదాకా. ఏమీ తెలియకుండా పోయాడు వెర్రివాడు. నాకు అదొక్కటే ఊరట చియోనో. లేకపోతే నేను తట్టుకోలేను."

నిషిగుచి మోకాళ్ల మీద ముందుకు జరిగి, రెండు చేతులూ నేలకానించి వంగాడు.

"పంతులమ్మగారూ, అడగడానికి నోరు రావడం లేదు. గుమ్మం దగ్గర పలక... మీరే రాస్తారా? మందిరంలో పేర్లు అచ్చువేసే మిషన్ కూడా వచ్చిందిప్పుడు. మీ ఇష్టం ఎలాగంటే అలాగే."

త్సుయా చేయి దుప్పటి మీద ఆగిపోయింది. తలెత్తలేదు.

చియోనో దగ్గర మాట సిద్ధంగా ఉంది. ఆయన చూశారు, సరేనన్నారు, ఇంకెవరి చేతిలోనూ పెట్టొద్దన్నారు. ఆ ఒక్క మాట చాలు, కుంచె తనది. త్సుయా ఇక కాదనలేకపోతుంది. కానీ ఆ మాట బయటికి వస్తే మోరియోకు అన్నీ తెలుసని కూడా దానితోపాటే వస్తుంది. కొత్త బూట్ల సంగతి అక్క కోసం అల్లి చెప్పాడని వస్తుంది. త్సుయా ముసలి చేతులు ఏ దుప్పటి అంచు పట్టుకొని నిలబడ్డాయో, అది కూడా జారిపోతుంది.

ఆమె కుడిచేయి ఒళ్లో ఉంది. ఎన్నడూ లేనంత నిలకడగా ఉంది.

"మిషన్‌లోనే తీయించండి," అంది.

నిషిగుచి ఆశ్చర్యపోయి, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఇంకొంచెం కిందికి వంగాడు.

మరుసటి రోజు మందిరం గుమ్మం దగ్గర మోరియో పేరు నిలబడింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. గీతలన్నీ సమానమైన నలుపు, ఎక్కడా ఊపిరి బిగపట్టిన జాడ లేదు, వదిలిన జాడా లేదు. గొడుగులు మూసుకుంటూ వచ్చినవాళ్లు అక్కడ ఒక్క క్షణం ఆగారు.

"ఇది పంతులమ్మ రాత కాదే."

"మా అత్తగారిది రాసింది, మీ మామగారిది రాసింది. తీరా ఇంటాయనది మిషన్‌కిచ్చింది."

"చేయి బాగాలేదట."

"నిన్నగాక మొన్న మా కవరు రాసిచ్చిందమ్మా. బంగారంలా ఉంది చేయి."

"ఏమో మరి. ఎవరి లోపల ఏముందో."

నల్ల కిమోనోలో వరుస ముందు నిలబడి వచ్చినవాళ్లందరికీ వంగి నమస్కారాలు పెడుతున్న చియోనోకు అవన్నీ వినపడ్డాయి. బల్ల మీద పేరుకుంటున్న కవర్ల మీద బూడిదరంగు అక్షరాలు, చాలావరకు తన చేతివే కావు ఈసారి. ఎవరికి వాళ్లు రాసుకొచ్చారు. కొన్ని వంకరగా ఉన్నాయి, కొన్ని చోట్ల సిరా మరకలై పాకింది. పిల్లలు రాసినవి కూడా ఉన్నాయి. ఒక దాని మీద ఎవరో గీత మీద గీత పెట్టి దిద్దారు, రెండు నలుపులు కనిపిస్తున్నాయి. ఆమె దాన్నే ఎక్కువసేపు చూసింది.

శవపేటికను కారులోకి ఎక్కించాక, చియోనో చేతుల్లో పోయిన మనిషి గుర్తుగా పట్టుకెళ్లే తెల్లచెక్క ఫలకం, త్సుయా చేతుల్లో మోరియో ఫోటో. మంచువాన సన్నగా పడుతోంది. ఇద్దరూ గుమ్మం దగ్గర పక్కపక్కన నిలబడ్డారు, పలకకు ఒక అడుగు దూరంలో.

"నేనే వద్దన్నానని చెప్పొచ్చు కదా వాళ్లకి," అంది త్సుయా. "అందరూ నిన్నే అంటున్నారు."

"అననివ్వండి వదినా."

"రాత్రంతా ఆలోచించాను. నువ్వు రాస్తానంటే ఊరుకునేదాన్నేమో." పలక వైపు చూసి, ముఖం తిప్పుకుంది. "ఇది వాడిలా లేదు."

డ్రైవరు తలుపు తెరిచి, టోపీ తీసి నిలబడ్డాడు. చియోనో అడుగు ముందుకు వేయబోతే త్సుయా ఆమె కిమోనో అంచు పట్టుకుంది.

"నిజం చెప్పు. వాడికి ఏమీ తెలియదు కదా?"

"తెలియదు వదినా," అంది చియోనో. "ఏమీ తెలియకుండానే వెళ్లారు."

త్సుయా తల ఊపి, ఫోటో అద్దం మీద పడిన తడిని కిమోనో చేతి అంచుతో తుడిచి, ఆమె వెనకే కారు ఎక్కింది.